గర్భిణీ స్త్రీలకు వచ్చు చక్కెర జబ్బు: మన నేత ఇండ్లకు ఒక మనవి

ఈ పత్రికలో మేము నూలు ధరలను గురించి, రంగుల బాగోగులను గురించి, సహకార సంఘముల లెక్కలను గురించి వ్రాయుట పాఠకులెరిగినదే. ఈ పర్యాయము వానిని ప్రక్కకుంచి, మన ఇండ్లలో కడుపుతోనున్న కోడండ్రను, కూతుండ్రను గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము. మగ్గము ఆగిన ఇల్లు ఒకటి రెండు నెలలలో కోలుకొనవచ్చును. తల్లికో బిడ్డకో కీడు మూడిన ఇల్లు కోలుకొనుట కష్టము. కనుక ఇది మన వృత్తికి సంబంధించని సంగతి యని ఎవరును పుట త్రిప్పవలదని కోరుచున్నాము.

మేమెరిగిన ఒక ఇంటి సంగతి ముందు చెప్పెదము. పేరుతో మనకు పనిలేదు. కోలారు తాలూకాలో రెండు మగ్గముల ఇల్లు. మామగారు, కుమారుడు మగ్గములమీద కూర్చుందురు. అత్తగారు, కోడలు కండెలు చుట్టుట మొదలు తక్కిన పనియంతయు చూచుకొందురు. కోడలికి మూడవ నెలలో పరీక్ష చేసినారు, చక్కెర లేదన్నారు. ఇంటిల్లిపాదికి నిశ్చింత. ఆరవ నెలలో ఆశా కార్యకర్త వచ్చి మరల ఒకసారి పరీక్షకు రమ్మన్నది. అప్పుడు పెండ్లి చీరల గడువు దగ్గరపడి యున్నది. "ఒకతూరి సూసినారు గదమ్మా, మళ్ళా ఏలకు? ఒక దినం కూలి పాయె" అని మామగారన్నారు. కోడలు వెళ్ళలేదు.

ఎనిమిదవ నెలకు కడుపు బాగుగా పెరిగినది. లోపలి బిడ్డ పుష్టిగా నున్నాడని పెద్దలు సంతోషించినారు. తొమ్మిదవ నెలలో పెద్ద ఆస్పత్రికి తీసికొనిపోగా చక్కెర మిక్కిలి హెచ్చుగా నున్నట్లు తేలినది. శస్త్రచికిత్స చేసి బిడ్డను తీసినారు. నాలుగు కిలోలకు పైగా తూగిన ఆ బిడ్డకు, పుట్టిన కొన్ని గంటలలోనే నెత్తుటిలో చక్కెర పడిపోయి, మూడు దినములు పసిబిడ్డల వార్డులో ఉంచవలసి వచ్చినది. అదృష్టవశమున తల్లి, బిడ్డ ఇద్దరును క్షేమము.

తరువాత ఆ మామగారే మాతో అన్నారు: "పడుగులో పోగు తెగితే అప్పుడే అతుకుతాము గదా సామీ. చీర కోసినాంక సూస్తామా? మా కోడలి విషయంలో మాత్రం మేము చీర కోసినాంకనే సూసుకొంటిమి." ఇంతకన్న బాగుగా మేమును చెప్పలేము. తెగిన పోగును వేళకు చూచుట ఎట్లో ఈ వ్యాసములో చెప్పెదము.

ఇది ఏమి జబ్బు?

మనము తిన్న అన్నము, సంగటి లోపల చక్కెరగా మారి నెత్తురులో చేరును. దానిని కండలలోనికి పంపునది ఇన్సులిను అను రసము. కడుపుతోనున్న స్త్రీకి మావి పెరిగినకొలది, ఆ మావినుండి పుట్టు కొన్ని రసములు ఇన్సులిను పనిని మందగింపజేయును. ఐదవ, ఆరవ నెలలనుండి ఇది హెచ్చగును. చాలమంది తల్లుల శరీరము ఇన్సులినును ఎక్కువగా తయారుచేసికొని సర్దుకొనును. కొందరికి అది చాలదు. అప్పుడు నెత్తురులో చక్కెర నిలిచిపోవును. మూడవ నెలలో లేని జబ్బు ఆరవ నెలలో కనబడుటకు కారణమిదే. మొదటి పరీక్ష బాగున్నదని రెండవది మానుట ఎంత పొరపాటో ఇందువలన తెలియగలదు.

తల్లి నెత్తురులోని చక్కెర మావిగుండా బిడ్డకు పోవును. తల్లి ఇన్సులిను పోదు. బిడ్డ తన ఇన్సులినునే అధికముగా తయారుచేసికొని, ఆ చక్కెరనంతటిని కొవ్వుగా మార్చుకొని పెరుగును. ఈ సంగతిని కోపెన్‌హాగన్ నగరపు డాక్టరు పెడర్సన్ 1950 ప్రాంతములలో వివరించినాడు. బొడ్డు కోసినంతనే తల్లినుండి వచ్చు చక్కెర ఆగిపోవును, బిడ్డ ఇన్సులిను మాత్రము నిలిచియుండును. అందుచేతనే బిడ్డకు చక్కెర ఒక్కసారిగా పడిపోవును. లావుగా పుట్టినంత మాత్రమున బలమైన బిడ్డ యని తలచరాదు. కాన్పు కష్టమగుట, భుజము చిక్కుకొనుట, తల్లికి రక్తపు పోటు హెచ్చుట, బిడ్డకు కామెర్లు, ఊపిరి ఇబ్బంది కలుగుట, జబ్బు బొత్తిగా అదుపులో లేనప్పుడు బిడ్డ కడుపులోనే పోవుట కూడ సంభవించును.

ఇన్ని కీడులు గల ఈ జబ్బు చప్పుడు చేయదు. చాలమందికి దాహముగాని, నీరసముగాని తెలియదు. తెలిసినను గర్భముతోనున్నప్పుడు అది సహజమే యనుకొందురు. పరీక్ష తప్ప దీనిని పట్టుకొనుటకు వేరు దారి లేదు.

"మాది పల్లె, మేము కష్టపడి పనిచేయువారము, మాకు రాదు" అని కొందరందురు. మన పొరుగున తమిళనాడులో డాక్టరు వి. శేషయ్యగారు, వారి తోడివారు 2005 మొదలు 2007 వరకు పన్నెండువేల మందికి పైగా గర్భిణులను పరీక్షించగా, నగరములో నూటికి సుమారు 18 మందికి, పల్లెలలో నూటికి సుమారు 10 మందికి ఈ జబ్బు కనబడినది. సన్నగా నున్నవారికి రాదను నమ్మకము కూడ సరికాదు.

పరీక్ష ఎట్లు చేయుదురు?

భారత ప్రభుత్వము 2014లో ఒక పద్ధతిని నిర్ణయించి, 2018లో దానిని సవరించినది. ఇది మనబోటి పనివారలకు అనుకూలమైన పద్ధతి. పరగడుపున రానక్కరలేదు, ఇంట తిని వచ్చినను సరే. 75 గ్రాముల గ్లూకోజును సుమారు 300 మిల్లీలీటర్ల నీటిలో కలిపి ఇత్తురు. దానిని ఐదు పది నిమిషములలో త్రాగవలెను. రెండు గంటల తరువాత నెత్తురు తీసి చూతురు. డెసిలీటరు నెత్తురులో చక్కెర 140 మిల్లీగ్రాములు గాని, అంతకు మించిగాని యున్నచో జబ్బు ఉన్నట్లు లెక్క. త్రాగిన అరగంటలోపల వాంతి అయినచో మరునాడు మరల రావలెను.

మొదటిసారి ఆస్పత్రిలో పేరు వ్రాయించుకొన్ననాడే ఒక పరీక్ష. అందులో చక్కెర లేకున్నచో 24 మొదలు 28 వారముల లోపల, అనగా ఆరవ, ఏడవ నెలలలో, రెండవ పరీక్ష. ఈ రెంటికి నడుమ నాలుగు వారములైన ఉండవలెను. కాన్పయిన ఆరు వారములకు మూడవ పరీక్ష జబ్బు వచ్చినవారికి మాత్రమే; దానిని గురించి తరువాత చెప్పెదము.

రెండు గంటలు కూర్చుండుట పనివేళలో కష్టమే. మేము కాదనము. కాని ఒక వీధిలో ఇద్దరు ముగ్గురు గర్భిణులున్నచో ఒకే దినమున కలిసి ఒకే ఆటోలో పోవచ్చును. 2016 నుండి కేంద్ర ప్రభుత్వ పథకము క్రింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రులలో గర్భిణులను ఉచితముగా చూచుచున్నారు. తాయి కార్డు మరువక తీసికొనిపోవలెను. గడువు పనిని ఆ దినము తప్పించి వేసికొనుట ఇంటి యజమాని చేతిలోని పని.

మన జిల్లాలో పెద్ద వైద్యమునకు దూరము పోనక్కరలేదు. కోలారు పట్టణములో శ్రీ నరసింహరాజ జిల్లా ఆస్పత్రి యున్నది. పట్టణమును ఆనుకొనియున్న తమకలో 1986లో శ్రీ దేవరాజ అరసు వైద్య కళాశాల ఏర్పడినది. దానితో కూడినదే ఆర్.ఎల్. జాలప్ప ఆస్పత్రి. జాలప్పగారు నేతకు పేరొందిన దొడ్డబళ్ళాపురము ప్రాంతమువారు. 1996లో కేంద్రములో జౌళి శాఖ మంత్రియైనవారు. మన పనివారలకు ఆ పేరు క్రొత్త కాదు. చక్కెర ఉన్నదని తెలిసిన తల్లి, కాన్పును ఇంటివద్దగాని చిన్నచోటగాని పెట్టుకొనక, శస్త్రచికిత్సకును పసిబిడ్డల వైద్యమునకును వసతి గల ఇటువంటి చోటనే పెట్టుకొనవలెను.

తిండి సంగతి

చక్కెర ఉన్నదని తేలినవెంటనే మందు మ్రింగనక్కరలేదు. మొదట రెండు వారములు తిండిని దిద్దుకొని, నడక అలవాటు చేసికొని చూడుమందురు. తిన్న రెండు గంటలకు చక్కెర 120కి లోపల నుండవలెను. చాలమందికి ఇంతమాత్రముననే అదుపులోనికి వచ్చును.

ఇచట రెండు పొరపాట్లు జరుగుచుండును. మొదటిది, ఇద్దరికి సరిపడ తినవలెనని అత్తగారు కంచము నింపుట. రెండవది, చక్కెర అనగానే భయపడి ఆ తల్లి కడుపు మాడ్చుకొనుట. రెండును తప్పే. బిడ్డ పెరుగుటకు తిండి కావలెను. ఆ తిండిని దినమంతటికి పంచవలెను. మూడు పూటల మితముగా భోజనము, నడుమ రెండు మూడుసార్లు చిరుతిండి. ఒక పూట మాని మరు పూట రెండింతలు తినుట ఈ జబ్బునకు మిక్కిలి చెరుపు. చీర ముగిసిన తరువాతనే అన్నము అను అలవాటు మన ఇండ్లలో ఉన్నది. కడుపుతోనున్నదానికి ఆ అలవాటు పనికిరాదు.

మన కోలారు సీమలో రాగిసంగటి తిననివారు లేరు. రాగి మంచి ధాన్యము. నూరు గ్రాములలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నపు ధాతువు ఉన్నది, పీచు ఉన్నది. కాని రాగిలో చక్కెర పుట్టదనుకొనుట భ్రమ. నూరు గ్రాముల రాగిపిండిలో డెబ్బది గ్రాముల దాక పిండి పదార్థమే. కనుక పెద్ద ముద్దకు బదులు చిన్న ముద్ద, దానితో గిన్నెడు పప్పుగాని, ఆకుకూరగాని, అనపగింజల పులుసుగాని, గ్రుడ్డుగాని తినవలెను. ముద్దకన్న పలుచని జావ త్వరగా నెత్తురులో చేరును. అందులో బెల్లము కలిపినచో చెప్పనక్కరలేదు. బెల్లము చక్కెర కాదని, తేనె చక్కెర కాదని మన పెద్దల నమ్మిక. నెత్తురులో చేరిన తరువాత అన్నియు ఒకటే.

మగ్గము ప్రక్కన కాఫీ, టీ గ్లాసులు దినమునకు ఐదారు తిరుగుచుండును. ఒక్కొక్క దానిలో రెండు చెంచాల చక్కెర. ముందుగా తీసివేయవలసినది ఇదే. శ్రీనివాసపురము మామిడి దిగు కాలములో ఇంటనున్న పండ్ల గంపను చూచి చేయి ఆపుకొనుట ఎవరికైన కష్టమే. రుచికి భోజనము నడుమ ఒక చిన్న ముక్క. అంతకు మించి వలదు. పండ్ల రసముకన్న జామకాయ నమలి తినుట మేలు. చిరుతిండికి ఉడికించిన శనగలు, వేరుశనగలు, మజ్జిగ, మొలకెత్తిన పెసలు మన వంటింటిలో ఉన్నవే. సీమంతమునాడు మిఠాయి పళ్ళెము తెచ్చు చుట్టములు పూలు, గాజులు తెచ్చినచో శుభమునకు లోపము రాదు.

ఒకరికొక వంట వేరుగా చేయుట నెలల తరబడి సాగదు. ఇంటిల్లిపాది ఆమె తినునదే తినుట సులువు. మగ్గముమీద గంటల తరబడి కూర్చుండు మగవారికి కూడ అది ఆరోగ్యమే.

కూర్చున్న పని, నడక

మన పని కూర్చుండి చేయు పని. రాట్నమువద్దనైన, గుంట మగ్గమువద్దనైన గంటలు తెలియక పోవును. చేయి ఆడినంత మాత్రమున దేహము నడిచినట్లు కాదు. డాక్టరు వద్దనని గర్భిణి దినమునకు అరగంట నడవవలెను. భోజనము తరువాత పది నిమిషముల చొప్పున మూడు పూటల నడిచినను చాలును. తిన్న చక్కెరను కాళ్ళ కండలు వాడుకొనును. గంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయుట, గుంట మగ్గములో వంగి కూర్చుండు పనిని తగ్గించుట అవసరము. ఆమె చుట్టవలసిన కండెలను ఆ నాలుగు నెలలు ఇంటిలోని మగపిల్లలు చుట్టినచో తప్పులేదు.

ఇన్సులిను అనగా భయము

రెండు వారములు తిండి, నడక సరిజేసికొన్నను చక్కెర 120కి దిగకున్నచో మందు వేయుదురు. కొందరికి 20 వారముల తరువాత మెట్‌ఫార్మిన్ అను మాత్ర, కొందరికి ఇన్సులిను సూది. ఏది తగునో డాక్టరే నిర్ణయింపవలెను; ఇంటిలో పెద్దవారు మ్రింగు చక్కెర మాత్రలను ఆమెకు ఇయ్యరాదు.

సూది అనగానే మన ఇండ్లలో ఏడ్పులు మొదలగును. "సూది పట్టితే సచ్చేదాకా విడవదు" అందురు. ఇది నిజము కాదు. ఈ జబ్బు వచ్చిన తల్లులలో చాలమందికి కాన్పుతోనే సూది ఆగిపోవును. సూదిమందు మావిని దాటి బిడ్డకు పోదు. ఇన్సులినును టొరంటో నగరములో 1921లో కనుగొన్నారు. అంతకు ముందు చక్కెర జబ్బుతో గర్భవతియైన స్త్రీ బ్రతికి, బ్రతికిన బిడ్డను ఎత్తుకొనుట అరుదు. అటువంటి మందునకు మనము భయపడుట న్యాయమా? ఆస్ట్రేలియాలో వేయిమంది తల్లులపై జరిగిన పరిశోధన ఫలితములు 2005లో వెలువడినవి. తిండి కట్టుబాటు, చక్కెర పరీక్షలు, కావలసినవారికి ఇన్సులిను ఇచ్చినచోట బిడ్డలకు పెద్ద కీడులు నూటికి ఒక్కరికి. మామూలుగా చూచినచోట నూటికి నలుగురికి.

సూది వేసికొనువారు ఒక జాగ్రత్త తెలిసికొనవలెను. సూది వేసికొని తినుట ఆలస్యమైనచో చక్కెర మరీ తగ్గి, చెమట, వణుకు, కండ్లు తిరుగుట కలుగును. వెంటనే మూడు చెంచాల గ్లూకోజుగాని చక్కెరగాని గ్లాసు నీటిలో కలిపి త్రాగించి, కూర్చుండబెట్టి, తరువాత అన్నము పెట్టవలెను. మందు సీసాను ఎండ తగలని చల్లని చోట నుంచవలెను. ఇంటిలో ఫ్రిజ్జు లేనివారు నీటి కుండ చల్లదనములో సీసా తడియకుండ ఉంచుకొనవచ్చును.

కాన్పు తరువాత మరువరాని పని

బిడ్డ పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టింపవలెను. బిడ్డకు చక్కెర పడిపోకుండ కాపాడునది అదే. తేనె నాకించుట, చక్కెర నీరు పోయుట వలదు. బిడ్డ చక్కెరను ఆస్పత్రివారు పరీక్షించు గంటలలో ఇంటికి తొందరపడరాదు.

ఆరు వారములకు మూడవ పరీక్ష ఉన్నదని పైన వ్రాసినాము. మన ఇండ్లలో తప్పిపోవునది ఎక్కువగా ఇదే. బాలింత పుట్టింట నుండును. సూది ఆగిపోయినది, జబ్బు పోయినదని అందరును మరతురు. కాని ఈ తల్లులకు ముందుముందు నిలిచిపోవు చక్కెర జబ్బు తక్కినవారికన్న ఏడు రెట్లకు పైగా వచ్చునని పరిశోధకులు తేల్చినారు. బోస్టను నగరములో ఓసల్లివాన్, మహన్ అనువారు 752 మంది గర్భిణులను పరీక్షించి, 1964లో ఈ జబ్బునకు మొదటి కొలతలు ఏర్పరచినది కూడ, ఏ తల్లికి తరువాత చక్కెర జబ్బు వచ్చునో ముందే తెలిసికొనుటకే. అనగా గర్భకాలములోని చక్కెర రాబోవు జబ్బునకు ముందుగా వచ్చిన ఉత్తరము వంటిది. చదివి చించివేయరాదు. ఆరు వారములకు, తరువాత ఏటేట పరీక్ష చేయించుకొనుచు, బరువు పెరుగకుండ చూచుకొన్నచో ఆ జబ్బును దూరముగా నుంచవచ్చును.

బిడ్డ సంగతియు అంతే. మన రాష్ట్రములోనే మైసూరు హోల్డ్స్‌వర్త్ ఆస్పత్రిలో 1997, 98లలో పేర్లు చేర్చుకొన్న తల్లుల బిడ్డలను ఏండ్ల తరబడి పరీక్షించుచు వచ్చినారు. చక్కెర జబ్బు వచ్చిన తల్లుల బిడ్డలకు తొమ్మిది, పది ఏండ్ల ప్రాయములో దేహములో కొవ్వు, నెత్తురులో ఇన్సులిను తక్కిన పిల్లలకన్న హెచ్చుగా కనబడినవి. కాబట్టి ఆ బిడ్డకు చిన్ననాటినుండియే ఆటపాటలు, మితమైన తీపి అలవరచుట తల్లిదండ్రుల విధి.

తుదకు ఇంటి పెద్దలకు ఒక మాట. కోడలికి చక్కెర వచ్చినదని తెలియగానే "మా ఇంట ఎవరికీ లేదే, మీ పుట్టింటినుంచి తెచ్చినావు" అను నిందలు వినుచున్నాము. ఇది ఎవరి నేరమును కాదు. నిందకు వెరచి జబ్బును దాచిన తల్లి సూదిని కూడ దాచును. నష్టపడునది మన వంశమే. ఆమెతో ఆస్పత్రికి భర్తగాని అత్తగారుగాని పోయి, డాక్టరు చెప్పిన మాటలు తామును వినవలెను. వేళకు అన్నము పెట్టవలెను. పని తగ్గింపవలెను.

మొదట చెప్పిన ఇంటిలో బిడ్డ నామకరణమయిన తరువాత, ఆరు వారముల పరీక్షకు కోడలిని మామగారే స్వయముగా పిలుచుకొనిపోయినారు. ఆ దినము రెండు మగ్గములును ఆగినవి. చక్కెర మామూలుగా నున్నదని తేలినది. ఏడాదికి మరల రమ్మన్నారు. ఆ తేదీని ఆయన గోడమీద, చీరల గడువులు వ్రాసికొను చోటనే, బొగ్గుతో వ్రాసి పెట్టుకొన్నారు. ప్రతి నేత ఇంటి గోడమీదను అట్టి తేదీకి చోటుండవలెనని మా మనవి.